షవ్వాల్ తొమ్మిదా, పదా?

"ఈ సంతకం మీదేనా ఆపా?"

అప్పటికి మూడోసారి అడిగాను. అక్తరున్నీసా మూడోసారి కూడా ఆ జిరాక్సు కాగితాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. జహనుమాలో ఆమె ఇంటి ముందుగది గడియారం పది నలభై చూపిస్తోంది. నాకు కాళ్ల కింద నిప్పులు పోసినట్టుంది.

"నా సంతకం లెక్కనే కొడ్తుంది మాణిక్యం. కానీ నేను పెట్టలే."

"పెట్టలేదా? పెట్టినట్టు యాది లేదా?"

ఆమె నావైపు చూసిన చూపుకు నాలుక కరుచుకున్నాను.

"యాది లేదా, యాది లేదా అని మా కోడలు రోజుకు పదిసార్లు అంటది. ఇయ్యాల నువ్వు గూడ షురూ చేసినవ్. డెబ్బై మూడేండ్లు వచ్చినయ్, తాళంచెవి ఏడ పెట్టిన్నో మర్చిపోత. కానీ నా సినిమాను ఎవరికన్న రాసిచ్చి మర్చిపోతనా?" అంది. కాగితం నా చేతికిచ్చి తనే మెల్లగా, "నాకే అనుమానం వస్తుంది బిడ్డా. అదే నా భయం" అంది.

నా నోరు అలాంటిది, ఏం చేయను. పేరు మాణిక్యమ్మ. ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులు చూసి చూసి రిటైరయ్యాను. ఇప్పుడు పాత సినిమాల హక్కులు ఎవరివో తవ్వి తీయడం నా పని. సినిమావాళ్లు మర్యాదకు డిటెక్టివ్ అంటారు. మా ఆయన మాత్రం ఊళ్లో లొల్లులన్నీ ఇంటికి మోసుకొచ్చేదాన్ని అంటాడు.

ఈసారి లొల్లి ఒక టెలిఫిల్ము గురించి. పేరు 'నల్లా వచ్చే వేళ'. గంటన్నర నిడివి. పొద్దున నల్లా నీళ్ల కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న ఎనిమిది మంది ఆడవాళ్ల కథ. అక్తరున్నీసా సొంతంగా తీసింది. 1989 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒకే ఒక్కసారి వచ్చింది. ఇన్నేళ్లకు సప్తాంబర మీడియా అనే కంపెనీ అది తమదని, ఈ సాయంత్రం అయిదింటికి ట్రైలర్ ఫోన్లలో వదులుతున్నామని పేపర్లో వేసుకుంది. వాళ్ల ఆధారం ఈ ఉర్దూ దస్తావేజు, నా ముందున్నది దాని జిరాక్సు. 1993 ఏప్రిల్ 2న అక్తరున్నీసా తన సినిమా సర్వహక్కులూ అఫ్జల్‌గంజ్‌లో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపే రాజన్నకు శాశ్వతంగా ఇచ్చేసిందని అందులో ఉంది. రాజన్న పోయి చాలా ఏళ్లయింది. అతని కొడుకు చేత సంతకం పెట్టించుకుని కంపెనీ హక్కులు తీసుకుంది.

"టీవీవాళ్లు పైసలిచ్చి తీయించిన్రా, మీరు తీసి వాళ్లకు ఇచ్చిన్రా?" అని అడిగాను. తీయించిన వాళ్లయితే హక్కు వాళ్లదే అవుతుంది మరి.

ఆమె లేచి బీరువాలోంచి ఒక ఉత్తరం తెచ్చి నా ఒళ్లో పడేసింది. టీవీవాళ్ల ఉత్తరం. ఒక్క ప్రసారానికి మాత్రమే అనుమతి తీసుకుంటున్నామని, సినిమా నిర్మాతదేనని స్పష్టంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. విడుదలైన మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ నడుస్తుంది. అంటే 2049 చివరిదాకా ఈ సినిమా అక్తరున్నీసాదే. ఈ దస్తావేజు నిజమైతే తప్ప.

"ఒకటి చెప్పండి ఆపా. సినిమా మీదేనని తేలితే ఏం చేస్తరు? వేరే కంపెనీకి ఇస్తరా?"

"ఎవ్వరికీ ఇయ్య. అల్మారిల పెట్టి తాళమేస్త."

నేను నోరు తెరిచాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"ఆ ఎనిమిది మంది యాక్టర్లు కాదు మాణిక్యం. మా గల్లీ, మా పక్క గల్లీ ఆడివిల్లలు. పర్దా ఇండ్లు. వాళ్ల మొహాలు కెమెరా ముందల పెట్టుడంటే ఆ రోజుల్ల ఏమనుకున్నవ్? ఒక్కొక్క ఇంటికి పోయి జుబాన్ ఇచ్చిన. ఒక్కసారి టీవీల వస్తది, ఖతం. క్యాసెట్ల రాదు, టాకీసుల రాదు, మళ్లీ ఎన్నడు రాదు అని. నా మాట మీద పంపిన్రు. ఇప్పుడు అందరు నానమ్మలు, అమ్మమ్మలు అయిన్రు. ఇయ్యాల అయిదింటికి వాళ్ల మొహాలు ప్రతి పోరగాని ఫోన్ల తిరుగుతయ్. నేను ఏ మొహం పెట్టుకొని వాళ్ల గడప తొక్కాలె?"

డబ్బు కోసం హక్కు అడిగేవాళ్లను వందమందిని చూశాను. దాచిపెట్టడానికి హక్కు అడిగిన మనిషి ఈమె ఒక్కతే. కాగితం తిప్పాను, వెనకవైపు కూడా జిరాక్సు తీసి ఉంది. ఆఫీసులో నేర్చుకున్న మొదటి పని అది. స్టాంపు పేపరు ముందువైపు అబద్ధం చెప్పొచ్చు గానీ, వెనక ఎవరికి అమ్మారో వెండర్ ముద్రతో సహా ఉంటుంది. 31-3-1993. కొన్నవారు: మహమ్మద్ కమాలుద్దీన్, కాతిబ్, ఛత్తా బజార్.

కాతిబ్ అంటే చేతిరాతతో బతికేవాడు. పెళ్లికార్డులూ, ఒప్పందాలూ, అర్జీలూ ముత్యాల్లా రాసిపెట్టేవాళ్లు. స్టాంపు పేపర్లు ముందే తమ పేరున కొని పెట్టుకోవడం వాళ్లకు అలవాటు.

"కమాల్ భాయా?" అక్తరున్నీసా మొహం పాలిపోయింది. "నా సినిమాకు టైటిళ్లు రాసింది ఆయననే. నిర్మాత అక్తరున్నీసా అని నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలతోటి ఆయన రాస్తుంటే పక్కన నిలబడి చూసిన. ఆయన దొంగ కాయిదం రాయడు మాణిక్యం. ఆయన రాసిండంటే..."

ఆయన రాశాడంటే తనే సంతకం పెట్టి మర్చిపోయిందని ఆమె భయం. ఆ భయం నాకూ అంటుకుంది.

ఆటో ఎక్కుతుండగా ఫోన్ మోగింది. దీక్షిత్. సప్తాంబరవాళ్ల తరఫున హక్కులు వెతికే మనిషి. ఒకప్పుడు లాయర్ దగ్గర గుమాస్తాగా ఉండి నా టేబుల్ ముందు నకళ్ల కోసం గంటలు గంటలు నిలబడేవాడు. ఇప్పుడు కోటు వేసుకుని నాకు పోటీ.

"మేడం, మీరు పరేషాన్ కాకండి. కాతిబ్ సాబ్ దగ్గర్నే ఉన్న. రాత నాదే అని అఫిడవిట్ ఇయ్యబోతున్నడు. మీరు ఇంటికి పోయి రెస్ట్ తీసుకోండి."

"రెస్టు నువ్వు తీసుకుందువు గానీ, నేనొచ్చేదాకా ఆయన చేత సంతకం పెట్టించినవో నీ సంగతి చెప్తా" అని పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది.

పదకొండు ముప్పై అయిదుకు ఛత్తా బజార్‌లో దిగాను. కమాలుద్దీన్ దుకాణం పన్నెండడుగుల గది. ఎడమవైపు కంప్యూటర్, ప్రింటర్. దాని ముందు నల్ల దుపట్టా కప్పుకున్న యాభై ఏళ్లు దాటిన ఆడమనిషి. కుడివైపు నేలమీద పరుపు, వాలుబల్ల, దాని వెనక తెల్లగడ్డం కమాలుద్దీన్. గోడ పొడుగునా అలమరలు, వాటి నిండా లావాటి ఆల్బమ్‌లు. ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద దీక్షిత్, మోకాలి మీద అఫిడవిట్, చేతిలో మూత తీసిన పెన్ను.

"రాండి మేడం. జస్ట్ ఇన్ టైమ్" అన్నాడు.

"లే."

"ఆ?"

"స్టూలు మీంచి లే. నా మోకాళ్లు నొప్పి."

లేచాడు. కూర్చుని కమాలుద్దీన్‌కు సలాం చెప్పి, నా పేరు చెప్పుకున్నాను. "కాతిబ్ సాబ్, ఈ కాయిదం మీరు రాసిందేనా?"

ఆయన, దీక్షిత్ ప్లాస్టిక్ కవరులోంచి తీసిన అసలు దస్తావేజును రెండు చేతులా పట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆయన కళ్లు ఆగిపోయాయి. తర్వాత కాగితం బల్లమీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"రాత నాదే అమ్మా."

"చూసిన్రా!" దీక్షిత్ అఫిడవిట్ ముందుకు తోశాడు. "ఇంక ఏంది లొల్లి?"

"ఆగవయ్యా, రైలు పోతుందా? నన్ను చూడనీ."

చూశాను. స్టాంపు పేపరు అసలుదే. ముద్ర అసలుదే. సిరా కూడా పాతకాలపు మసి సిరా. అక్షరాలు ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టున్నాయి. కొట్టివేతలు లేవు. అక్తరున్నీసాకు ఏమని చెప్పాలో కూడా మనసులో అనుకోవడం మొదలుపెట్టాను.

"ఇది మీ కంపెనీకి ఎట్ల వచ్చింది?" అని దీక్షిత్‌ను అడిగాను.

"కొరియర్ల. మూడు నెలల కింద. కాయిదం, దానితోటి ఒక వీహెచ్ఎస్ క్యాసెట్. రాజన్న దుకాణం ఖాళీ చేస్తుంటే దొరికినయ్, సినిమా మంచిది, అందరికీ చూపెట్టండి అని చీటి. పంపినోళ్ల పేరు లేదు."

"ఎంత అడిగిన్రు?"

"అడగలే."

"ఒక్క పైసా?"

"ఒక్క పైసా అడగలే మేడం. మంచోళ్లు గూడ ఉంటరు లోకంల. మీకు అందరు దొంగలే కనబడ్తరు."

నాకు అక్కడే తేడా కొట్టింది. ఇంత విలువైన కాగితం దొరికితే మంచివాళ్లయినా కనీసం పేరు రాస్తారు. డబ్బు వద్దు, పేరు వద్దు. మరి కావలసింది ఏమిటి? సినిమా అందరికీ చూపించడం. అంతే.

మళ్లీ దస్తావేజు చివరి వాక్యం దగ్గరికి వెళ్లాను, కమాలుద్దీన్ కళ్లు ఆగిన చోటికి. నా ఉర్దూ కూడబలుక్కుని చదివే ఉర్దూ, కానీ అంకెలు బాగా వస్తాయి. ఉర్దూ దస్తావేజుల్లో ఇంగ్లీషు తారీఖు, పక్కనే చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ తారీఖు, రెండూ వేస్తారు. 2 ఏప్రిల్ 1993. పది షవ్వాల్ 1413. ఆఫీసులో ఈ రెండూ సరిచూడటం నా డ్యూటీ. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

"అమ్మా," అన్నాను కంప్యూటర్ దగ్గరున్న ఆవిడతో. "కార్డుల ఆల్బమ్‌లు సాల్‌వారీగ ఉంటయి కదా. 1993ది జర ఇస్తారా?"

ఆవిడ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. "అది లేదు. చెదలు పట్టింది."

"చెదలేంది నుజహత్?" కమాలుద్దీన్ ఆశ్చర్యపోయాడు. "పై అరల ఉన్నది కద బిడ్డా. మొన్ననే దులిపినవ్."

ఆ మాట అన్నాక ఆయన మొహం మారింది. అనకుండా ఉంటే బాగుండేదని అప్పుడు తట్టినట్టుంది. నేను అప్పటికే స్టూలెక్కేశాను. మోకాళ్లు పోతే పోనీ. ఆకుపచ్చ అట్ట ఆల్బమ్ దించి బల్లమీద పరిచాను. కమాలుద్దీన్ తను రాసిన ప్రతి పెళ్లికార్డులోంచి ఒకటి అంటించి దాచుకున్నాడు. రంజాన్ అయిపోయాక పెళ్లిళ్లే పెళ్లిళ్లు కాబట్టి షవ్వాల్ నెలకు కార్డులు గుట్టగా ఉన్నాయి.

"ఇదిగో. మార్చి ముప్పై, మంగళవారం. ఆరు షవ్వాల్. దీక్షిత్, చదువు నువ్వు కూడ, నేను ఒక్కదాన్నే చదివిన అంటవ్ మళ్ల. ఏప్రిల్ నాలుగు, ఆదివారం. పదకొండు షవ్వాల్. ఇగో ఇది చూడు. ఏప్రిల్ రెండు, శుక్రవారం. ఎంత?"

దీక్షిత్ వంగి చూశాడు. "తొమ్మిది."

"కాయిదంల?"

"పది." భుజాలెగరేశాడు. "ఒక్క రోజు ఫరక్ మేడం! చేతి తప్పు. దీనికే ఇంత హంగామానా?"

"చేతి తప్పా? కాతిబ్ సాబ్, మీరు ఎన్నడన్న కార్డుల తారీఖు తప్పు రాసిన్రా?"

"ఒక్కసారి," అన్నాడాయన నేలచూపులు చూస్తూ. "డెబ్బై ఎనిమిదిల. నాలుగు వందల కార్డులు కాలబెట్టి మళ్లీ రాసిన."

"విన్నవా? ఇప్పుడు నీ ఫోన్ తియ్యి. హిజ్రీ క్యాలెండర్ పెట్టు. 1993 ఏప్రిల్ రెండు కొట్టు."

"ఎందుకు?"

"కొట్టవయ్యా!"

కొట్టాడు. నేనే ఫోన్ లాక్కుని చూశాను. పది షవ్వాల్.

"ఫోన్ చూపిచ్చేది సౌదీ లెక్క" అన్నాను. "ఇక్కడ నెల మొదలయ్యేది ఇక్కడ ఆకాశంల చాంద్, నెలవంక కనబడితెనే. రంజాన్ పండుగనే ఒకటి షవ్వాల్. ఆ ఏడు వాళ్లు అది బుధవారం చేసుకున్నరు, మనం గురువారం. ఇగో, ఈ కార్డులే సాక్ష్యం. పండుగై నిండా పది రోజులు గాలే, ఈ పట్నంల ఉన్న ఏ మనిషన్న పండుగ ఏ రోజు చేసుకున్నడో మర్చిపోతడా? 1993ల రాసినోళ్లు తొమ్మిది అనే రాస్తరు. పది అని రాసినోళ్లు ఫోన్ చూసి రాసిన్రు. తొంభై మూడుల ఎవరి జేబుల ఉన్నది దీక్షిత్ ఈ ఫోను?"

దీక్షిత్ దొంగ కాదు. దురుసు మనిషి, అంతే. కార్డులు మూడింటినీ మళ్లీ చదివాడు. "మా లాయర్లు చూసిన్రు మేడం" అన్నాడు నీరసంగా.

"మీ లాయర్లు యాడోళ్లు?"

"ముంబై."

"అదే మరి."

అఫిడవిట్ మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్ చెవికి పెట్టుకుంటూ బయటికి నడిచాడు. అప్పుడు టైము పన్నెండు యాభై. నేను ఆగలేకపోయాను. అక్కడికక్కడే అక్తరున్నీసాకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచాను. చేతుల నిండా ఆల్బమ్ ఉంది మరి.

"ఆపా! గెలిచినం! కాయిదం దొంగది. సంతకం మీది కాదు. మీరు ఏమీ మర్చిపోలే. సినిమా మీదే!"

అటువైపు ఒక పెద్ద ఊపిరి. ఏడుస్తోందని అర్థమైంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు.

"నేను రాసిన."

తలెత్తాను. కమాలుద్దీన్ నావైపు సూటిగా చూస్తున్నాడు. "మూడు నెలల కింద రాసిన. పాత స్టాంపు కాయిదం ఇంట్ల ఉండె. నేనే రాసిన, నేనే పంపిన. పోలీసులకు నా పేరు చెప్పు అమ్మా."

"కాతిబ్ సాబ్, మీరైతే తారీఖు తప్పరు."

"ముసలితనం. తప్పిన."

బల్లమీది కలం తీసి, సిరాలో ముంచి, ఆయన ముందు పెట్టాను. "ఒక్క లైను రాయండి. ఏదన్న. మీ పేరే రాయండి."

ఆయన కలం అందుకున్నాడు. మొన కాగితానికి తగలకముందే చెయ్యి ఊగిపోయింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. సిరా చుక్కలు కాగితం మీద రాలాయి. ఆ పెద్దమనిషి చేత ఆ పని చేయించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"నాలుగేండ్లయింది అబ్బా కలం పట్టక," అంది నుజహత్. కుర్చీలోంచి లేచి వచ్చి తండ్రి చేతిలోంచి కలం తీసుకుంది. తీసుకుని, నిలబడే, అదే కాగితం మీద ఆయన పేరు రాసింది. దస్తావేజులో ఉన్న రాతే. ఒక్క గీత తేడా లేదు.

"చిన్నప్పటి సంది అబ్బా నేర్పిన చెయ్యి ఇది. నాకు రాత వచ్చింది. చాంద్ లెక్క రాలే. కాయిదం రాసింది నేను మాణిక్యమ్మా. సంతకం గూడ నేనే దింపిన."

"ఎందుకమ్మా?"

ఆమె దీక్షిత్ బల్లమీద వదిలిపోయిన ట్రైలర్ పోస్టరు తీసి నా ముందు పెట్టింది. బిందె చంకన పెట్టుకుని నవ్వుతున్న పంతొమ్మిదేళ్ల పిల్ల. బొమ్మ చూశాను, మనిషిని చూశాను. కుడి చెంప మీద అదే సొట్ట.

"ఎనిమిది మందికి జుబాన్ ఇచ్చిన అంటది అక్తర్ ఖాలా. ఇచ్చింది ఎనిమిది మంది మగవాళ్లకు. ఈ అబ్బాకు ఇచ్చింది. నన్ను ఎవరన్న అడిగిన్రా? సినిమా టీవీల వచ్చిన రోజు నన్ను బహదూర్‌పురాల మా ఫుప్పు, మేనత్త ఇంటికి పంపిన్రు. ఆ ఇంట్ల టీవీ లేదు. పట్నమంత నన్ను చూసింది, నేను చూసుకోలే! రాజన్న దుకాణం సామాను గోనె సంచులల్ల పడేస్తుంటే, టీవీల వచ్చిననాడు ఆయన ఎక్కించుకున్న క్యాసెట్ దొరికింది. యాభై నాలుగేండ్లకు నన్ను నేను మొదటిసారి చూసుకున్న. మంచిగ చేసిన మాణిక్యమ్మా. నిజంగ మస్తు మంచిగ చేసిన." బొమ్మను తనవైపు తిప్పుకుంది. "ఖాలాను రెండుసార్లు అడిగిన, మళ్ల చూపెట్టు అని. జుబాన్ అన్నది. ఇంక ఏం చేయాలె?"

"మిగతా ఏడుగురి మొహాలు?" అన్నాను. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి. "వాళ్లను నువ్వు అడిగినవా?"

"అడగలే. ఆలోచించలే అంటే అబద్ధం. ఆలోచించిన, అయినా పంపిన."

కూతురి దుపట్టా కొంగు పట్టుకుని కమాలుద్దీన్ ఆమెను కిందికి కూర్చోబెట్టాడు. సరిగ్గా అప్పుడే దీక్షిత్ లోపలికి వచ్చాడు. కోపంతో ఊగిపోతున్నాడు.

"మా ఎండీ గరం మీద ఉన్నడు మేడం. కంపెనీని చీట్ చేసిన్రు, ఫోర్జరీ కేసు పెట్టు అంటున్నడు. స్టేషన్ల తెలిసిన ఎస్సై ఉన్నడు, పావుగంటల వస్తడు. రాసినోళ్ల పేరు కావాలె. కాతిబ్ సాబేనా? చెప్పండి. మీరు చెప్పకపోతే చేతిరాత నిపుణుల దగ్గరికి పంపుతం, అప్పుడు ఇంటోళ్లందర్నీ పిలుస్తరు."

తేల్చింది నేనే. నోరు విప్పితే ఈ ఇద్దరిలో ఒకరు జైలుకు పోతారు. విప్పకపోయినా పోతారు. నుజహత్ లేవబోయింది, తండ్రి వదలలేదు.

"దీక్షిత్ బాబూ."

నలుగురమూ ఉలిక్కిపడ్డాం. బల్లమీద ఫోన్. నేను పెట్టేయడం మర్చిపోయాను. అక్తరున్నీసా అంతసేపూ లైన్లోనే ఉంది. అంతా విన్నది.

"నేను అక్తరున్నీసాను మాట్లాడుతున్న. ఆ కాయిదం అసలుదే. దస్తఖత్ నాదే."

"ఆపా!" అని అరిచాను.

"నువ్వు ఊకో మాణిక్యం. తారీఖు నేనే తప్పు చెప్పిన, కమాల్ భాయ్ రాసిండు. వయసైంది కద, మర్చిపోయిన. మా కోడలిని అడుగు బాబూ, నాకు ఏదీ యాది ఉండదు అని ఆమెనే చెప్తది. సంతకం పెట్టినదాన్ని నేనే పెట్టిన అంటుంటే ఇంక దొంగ కాయిదం ఏడిది, కేసు ఏడిది?"

మతిమరుపు అన్నందుకు పొద్దున నన్ను కళ్లతోనే కొట్టిన మనిషి. ఆ మాటే ఇప్పుడు తనమీద తనే వేసుకుంటోంది. నుజహత్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపు వేళ్ల సందుల్లోంచి వినిపిస్తోంది.

"ఆపా, ఏడుగురు ఉన్నరు. ఏడు ఇండ్లు. వాళ్లకు ఏం చెప్తరు?"

"వాళ్ల ఇండ్లకే పోతున్న. చెప్పులు ఏసుకుంటున్న. అయిదు గంటలలోపల ఏడు గడపలు తొక్కుత. మగవాళ్లతోటి కాదు, ఈసారి వాళ్లతోటే మాట్లాడ్త. వద్దు అన్నోళ్ల మొహం తీసెయ్యమని కంపెనీ కాళ్లు పట్టుకుంట." అటువైపు తలుపు తీసిన చప్పుడు. "నుజహత్ బేటా, నువ్వు మంచిగనే చేసినవ్. ఆనాడే చెప్పాల్సింది నీకు."

ఫోన్ ఆగిపోయింది.

దీక్షిత్ నావైపు చూశాడు. నా చేతిలో ఇంకా తెరిచే ఉన్న ఆల్బమ్ వైపు చూశాడు. వాడికీ తెలుసు ఆమె చెప్పింది అబద్ధమని. కానీ వాడి ఉద్యోగానికి ఆ అబద్ధమే కావాలి. ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

"సార్, దీక్షిత్. క్లియర్ అయింది సార్. ప్రొడ్యూసర్ ఒప్పుకుంది, సాక్షుల ముందర. ఎస్సైని వద్దనండి." అవతలి మాట విన్నాడు. నావైపు చూడలేక అటు తిరిగాడు. "ఇప్పుడేనా సార్? అయిదు అనుకున్నం కద... సరే సార్. మళ్లీ ఎవరన్న అడ్డం రాకముందే అంటారు. సరే, ట్రైలర్ వదిలెయ్యండి."

గోడ గడియారంలో టైము ఒకటీ ఇరవై రెండు.